తమ్ముడికీ నాకూ మధ్య ఒక పాత గిటారు

తన పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకుడి సుదీర్ఘమైన ఉత్తరానికి ఇది సారాంశం. ఆయన, ఆయన తమ్ముడు చెరి సగం డబ్బు వేసుకొని, తమకు బాగా పరిచయమున్న ఒక పెద్దాయన ఏళ్ల తరబడి వాయించిన ఎలక్ట్రిక్ గిటారును కొన్నారు. అది ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ ఆకారంలో ఉన్న గిటారు. తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే పికప్‌లు మూడు, ఒక్కో కాయిల్‌తో ఉన్న సింగిల్ కాయిల్ రకానివి, ఉన్నాయి, నెక్‌ను నాలుగు స్క్రూలతో బాడీకి బిగించారు, తలభాగం మీద కంపెనీ పేరు చదవడానికి వీల్లేకుండా చెరిగిపోయింది. తీగలు మరీ ఎత్తుగా ఉండేవి. అయిదో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) నుంచి ఏడో ఫ్రెట్ దాకా ఏ స్వరం వాయించినా జీర వచ్చేది. వాల్యూమ్ నాబ్ తిప్పితే కరకరలాడేది, ఆంప్లిఫయర్‌కు తగిలిస్తే గుయ్‌మని రొద ఆగేది కాదు, స్వరాన్ని ఊపడానికి వాడే ట్రెమోలో కడ్డీని ఒక్కసారి నొక్కితే చాలు శ్రుతి తప్పేది.

తమ్ముడు ఉద్యోగరీత్యా వేరేచోట ఉంటాడు కాబట్టి బాగుచేసే బాధ్యతను అన్నగారు తీసుకున్నారు. వాయించడానికి అనువుగా చేస్తే చాలు, రంగుతో సహా మిగతాదంతా ఉన్నది ఉన్నట్టే ఉండాలన్నది తమ్ముడి మాట. బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్ దగ్గర, రెండు కాయిళ్లుండే హంబకర్ పికప్ పెట్టాలని, అందుకోసం బాడీలో చెక్క తొలవాలని, పెచ్చులూడిన పాత రంగు తీసేసి కొత్త రంగు వేయాలని అన్నగారి కోరిక. నెక్ విప్పినప్పుడు దాని అడుగుభాగం మీద పెన్సిల్‌తో రాసిన తేదీ కనబడింది. అది చూసి ఒక స్నేహితుడు ఇది చాలా విలువైన గిటారు కావచ్చన్నాడు, మరొకరు మామూలుదేనని కొట్టిపారేశారు. మొదటి నాలుగు నెలలు ఆయన పనిముట్లు కొన్నారు, పికప్‌లను పోల్చి చూశారు, పాత వైర్లు కొన్ని కత్తిరించారు. మూడు నెలల కిందట ఒక సాయంత్రం, రంగు ఎలా ఊడుతుందో చూద్దామని బాడీ వెనకవైపు అరచేయంత మేర సాండ్‌పేపర్‌తో గీకారు. ఆ సంగతి తమ్ముడికి ఇంతవరకు చెప్పలేదు. గిటారు ముక్కలుగా అట్టపెట్టెలో ఉంది. తమ్ముడు వచ్చే నెల సెలవు మీద వస్తున్నాడు. "వాడు వచ్చేలోగా మొత్తం రంగు తీసేసి కొత్తది వేసేస్తే ఆ మచ్చ సంగతి చెప్పవలసిన అవసరమే ఉండదు కదా? డబ్బు చెరి సగమైనా చాకిరీ అంతా నాదే కాబట్టి నిర్ణయం కూడా నాదే అనుకోవచ్చా?" అని ఆయన అడుగుతున్నారు.

సమాధానం

మీరు రాసిన నెలల లెక్కను మీరే మళ్లీ ఒకసారి చూసుకోండి. గిటారు విప్పి ఏడు నెలలయిందన్నారు. మొదటి నాలుగు నెలల్లో తప్పో ఒప్పో పని నడిచింది. వెనకవైపు గీకిన సాయంత్రం తరువాత మీరు చేసిన పని ఒక్కటి కూడా ఉత్తరంలో లేదు. సమయం చాలక ఆగిపోయిందని మీరు రాశారు గాని, నాకు అలా అనిపించడం లేదు. తమ్ముడికి చెప్పని మాట మీ చేతులను కట్టేసింది. ఇప్పుడు మిగతా రంగంతా తీసేయాలన్న ఆలోచన కూడా గిటారు మీద ప్రేమతో కన్నా, ఆ అరచేయంత మచ్చ కనబడకుండా చేయాలన్న తొందరతో పుట్టినట్టుంది. అదే నిజమైతే, చిన్న తప్పును దాని కన్నా ఎన్నో రెట్లు పెద్దదైన, ఎన్నటికీ వెనక్కి తీసుకోలేని పని కింద దాచబోతున్నారు.

తమ్ముడి సంగతికి తరువాత వస్తాను. ముందు గిటారును చూద్దాం, ఎందుకంటే మీ ఇద్దరి మధ్య ఉందనుకుంటున్న తగాదాలో చాలా భాగం గిటారును విడమరచి చూస్తేనే కరిగిపోతుంది. మీరు "బాగుచేయడం" అన్న ఒకే మాటను మూడు వేర్వేరు పనులకు వాడారు. జీర పోగొట్టి, శ్రుతి నిలిచేలా చేయడం మొదటిది. దీని మీద మీ ఇద్దరికీ పేచీ లేదు. పికప్‌ల వంటి విడిభాగాలు మార్చడం రెండోది. పాతవాటిని దాచి ఉంచితే ఏనాడైనా తిరిగి పెట్టుకోవచ్చు. చెక్క తొలవడం, రంగు తీయడం మూడోది. వీటికి తిరుగుదారి లేదు. మీరు మూడో పనిని మొదట మొదలుపెట్టారు. మొదటి పనిని ఇంకా ముట్టుకోనే లేదు.

పెన్సిల్‌తో రాసిన తేదీ గురించి మీ స్నేహితులిద్దరూ తొందరపడ్డారు. కొన్ని కంపెనీలు, ముఖ్యంగా ఫెండర్, నెక్ అడుగున తేదీ రాసేవి లేదా ముద్ర వేసేవి. కాని అది నెక్ తయారైన తేదీయే గాని గిటారు పుట్టిన తేదీ కాదు. పైగా స్క్రూలతో బిగించే గిటార్ల సౌలభ్యమంతా నెక్‌ను మరో బాడీకి మార్చుకోగలగడంలోనే ఉంది, కాబట్టి ఆ తేదీ బాడీ గురించి ఏమీ చెప్పదు. దానికి తోడు ఇంకో సాక్ష్యం కావాలి. మీరు కత్తిరించిన వైర్లు తగిలి ఉన్న వాల్యూమ్, టోన్ పాట్లను, అంటే నాబ్‌ల కింద ఉండే భాగాలను, వెనక్కి తిప్పి చూడండి. చాలా పాట్ల మీద అంకెల వరుస ఒకటి ఉంటుంది. ఉదాహరణకు 1376632 అని ఉంటే, 137 అన్నది సీటీఎస్ అనే తయారీదారు గుర్తు, 66 అన్నది 1966వ సంవత్సరం, 32 అన్నది ఆ ఏడాదిలో వారం. గిటారుకు మొదట పెట్టిన పాట్లే అవి అయితే, గిటారు ఆ తేదీ కన్నా పాతది అయ్యే వీలు లేదు. ఆ అంకెలూ నెక్ మీది తేదీ దగ్గరదగ్గరగా ఉంటే మాత్రం, సాండ్‌పేపరూ టంకం కడ్డీ పక్కన పెట్టి, పాత గిటార్లను గుర్తుపట్టడంలో అనుభవమున్న వారికి ముక్కలన్నీ చూపించండి. అప్పటిదాకా ఒక్క టంకపు అతుకును కూడా కరిగించవద్దు, తెగిన వైరు ముక్కలను పారేయవద్దు. పాత గిటారుకు మొదటి రంగు, కదపని టంకం కూడా విలువలో భాగమే. కొత్త రంగు ఎంత అందంగా వేసినా ఆ విలువ బాగా పడిపోతుంది. అంకెలు కలవకపోతే అది మామూలు గిటారే అయ్యే అవకాశం ఉంది, అప్పుడు మీకు స్వేచ్ఛ కొంత పెరుగుతుంది. తమ్ముడి సగం మాత్రం అప్పుడూ తమ్ముడిదే.

ఇక వాయించడానికి అనువుగా చేసే పని. నెక్ బిగించి, కొత్త తీగలు కట్టి, పూర్తిగా శ్రుతి చేసిన తరువాతే ఏ కొలతైనా తీయాలి, ఎందుకంటే తీగల లాగుడు లేనప్పుడు నెక్ ఉండే తీరు వేరు. ఒక తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి పట్టి, ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడండి. 0.25 మిల్లీమీటర్ల సందు సాధారణంగా సరిపోతుంది. విజిటింగ్ కార్డు మందం కన్నా కొంచెం తక్కువ అనుకోండి. సందు ఎక్కువైతే ట్రస్ రాడ్‌ను, అంటే నెక్ లోపల దాని వంపును సరిచేసే ఉక్కు కడ్డీని, బిగించాలి, అసలు లేకపోతే వదులు చేయాలి. ఎటు తిప్పినా ఒకసారికి పావు చుట్టు మించకూడదు. రాడ్ చివర కదలని నట్టును బలవంతం చేస్తే రాడ్ విరుగుతుంది, అది విరిగితే బాగుచేయడానికి అయ్యే ఖర్చు కన్నా కొత్త నెక్ కొనడమే నయమనిపిస్తుంది.

నెక్ సరైన తరువాత తీగల ఎత్తు సరిచేయాలి. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగకు సుమారు 2 మిల్లీమీటర్లు, సన్న తీగకు 1.6 మిల్లీమీటర్లు మొదటి ప్రయత్నానికి మంచి కొలతలు. అప్పటికీ అయిదు, ఆరు, ఏడు ఫ్రెట్ల దగ్గర మాత్రమే జీర మిగిలితే, అక్కడ ఏదో ఒక ఫ్రెట్ పైకి లేచి ఉంది లేదా దాని ముందున్నవి అరిగిపోయి ఉన్నాయి. మూడు ఫ్రెట్ల మీదే ఆనేంత పొట్టిగా, అంచు తిన్నగా ఉన్న ఉక్కు ముక్కను వాటి మీద పెడితే, మధ్యది ఎత్తయినప్పుడు ఆ ముక్క ఊయలలా ఊగుతుంది. లేచిన ఫ్రెట్‌ను మెల్లగా తిరిగి దిగ్గొట్టవచ్చు. అరిగినవాటిని మాత్రం అన్నింటినీ ఒక మట్టానికి తెచ్చి, పైభాగం మళ్లీ గుండ్రంగా చేసి, మెరుగుపెట్టాలి. ఈ పని ఒక గిటారు మీద ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు చేయలేరు, చేసిన ప్రతిసారీ లోహం తరుగుతుంది. మీరు ఇదివరకెప్పుడూ చేయలేదు కాబట్టి చెయ్యి తిరిగిన పనివారికి అప్పగించడమే మంచిదని నా అభిప్రాయం. నేర్చుకోవాలనే ఉంటే పనికిరాని మరో నెక్ మీద నేర్చుకోండి, ఉమ్మడి సొత్తు మీద కాదు.

శ్రుతి తప్పడానికి మీరు ట్యూనర్లను, అంటే తీగలను బిగించే మరలను, తప్పుపట్టి కొత్తవి కొనాలనుకుంటున్నారు. ఆగండి. ట్రెమోలో వాడిన తరువాత తీగ తన చోటికి తిరిగి రాకపోవడానికి ఎక్కువసార్లు కారణం నట్ (నెక్ చివర తీగలు ఆనే పట్టీ, రాడ్ నట్టు కాదు) గాడిలో తీగ ఇరుక్కోవడమే. శ్రుతి చేసేటప్పుడు టిక్కుమని చిన్న చప్పుడు వినిపిస్తే అదే. గాడిలో కొద్దిగా పెన్సిల్ పొడి రాసి చూడండి. కాసు ఖర్చు లేని ఈ పనితో తగ్గితే ట్యూనర్ల డబ్బు మిగిలినట్టే.

వాల్యూమ్ నాబ్ కరకరలాడటం చాలావరకు లోపలి దుమ్ము వల్లే. కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, నాబ్‌ను ఇటు చివర నుంచి అటు చివరకు ఇరవైసార్లు తిప్పితే తరచుగా పోతుంది. రొద సంగతి వేరు. సింగిల్ కాయిల్ పికప్ చుట్టుపక్కల కరెంటు రొదను యాంటెనాలా పట్టుకుంటుంది. అది దాని స్వభావం, లోపం కాదు. తీగలను తాకితే రొద తగ్గుతుంటే ఎర్త్ వైరు సరిగా ఉన్నట్టు, పికప్‌ల గుంటలకు రాగి రేకు అతికిస్తే ఇంకా తగ్గుతుంది. తీగలు తాకినా తేడా లేక, జాక్ లోహాన్ని తాకితే తగ్గుతుంటే, ట్రెమోలో స్ప్రింగుల దగ్గరికి వెళ్లే ఎర్త్ వైరు తెగింది; మీ కత్తెర దానిని తాకిందేమో చూసుకోండి. ఒక్క హెచ్చరిక: గిటారు లోపల ప్రమాదకరమైన కరెంటు ఉండదు గాని, ఆంప్లిఫయర్ మూత తీయవద్దు. వాల్వులున్న ఆంప్లిఫయర్‌లో ప్లగ్గు పీకేసిన తరువాత కూడా ప్రాణం తీసేంత విద్యుత్తు నిలవ ఉండవచ్చు.

ఇంతవరకు చెప్పినదానిలో ఏదీ తమ్ముడు కాదనేది కాదు. అసలు చిక్కు హంబకర్ దగ్గరే ఉంది, దాని గురించి మీ కోరికను నేను తేలికగా తీసుకోవడం లేదు. రెండు కాయిళ్లను ఎదురెదురు దిశల్లో చుట్టి, అయస్కాంతాలను కూడా తిరగేసి పెడితే, బయటి రొద ఒకదానిలో వచ్చింది రెండోదానిలో వచ్చినదానితో కొట్టుకుపోతుంది, తీగల ధ్వని మాత్రం కలిసి బలపడుతుంది. గిబ్సన్ గిటార్ల కంపెనీలో సేత్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన ఈ ఉపాయంతో వచ్చే నిండైన ధ్వని మీకు కావాలి, అందులో తప్పేమీ లేదు. అయితే దానికోసం చెక్క తొలవాలన్నది మీరు ముందే ఖాయం చేసుకున్నారు. అది నిజమో కాదో చూడనేలేదు.

మీ గిటారులో పికప్‌లు, పాట్లు, స్విచ్ అన్నీ బాడీ ముందువైపు బిగించిన ఒకే పిక్‌గార్డ్ పలకకు వేలాడుతున్నాయి. బాడీతో వాటికున్న సంబంధం జాక్‌కు వెళ్లే వైర్లు, స్ప్రింగుల దగ్గరికి వెళ్లే ఎర్త్ వైరు, అంతే. కాబట్టి ఆ పలకను ఉన్నదున్నట్టుగా తీసి గుడ్డలో చుట్టి దాచి, దాని చోట మీకు నచ్చిన పికప్‌లు బిగించిన మరో పలకను పెట్టవచ్చు. మూడు అతుకులు మారిస్తే గిటారు మీ గొంతుతో పలుకుతుంది. తమ్ముడు అడిగిన రోజున అవే మూడు అతుకులతో పాత గొంతుకు తిరిగి వస్తుంది. మీరు కత్తిరించిన వైర్లను అతికించి పాత పలకను పనిచేసే స్థితికి తేవడం మాత్రం మీ బాధ్యత. పాట్ల తేదీలు కలిస్తే ఆ అతుకులు మీరు వేయవద్దు, నిపుణుడికే వదిలేయండి.

ఇక గుంట వెడల్పు. పలక తీసి చూడండి. కొన్ని బాడీలలో పికప్‌లన్నిటికీ కలిపి ఒకే పెద్ద గుంట తవ్వి ఉంటారు, అలాంటిదైతే మామూలు హంబకర్ కూడా చెక్క ముట్టకుండానే పడుతుంది. గుంటలు విడివిడిగా, ఇరుకుగా ఉంటే సింగిల్ కాయిల్ పరిమాణంలోనే దొరికే హంబకర్లు ఉన్నాయి. సన్నటి కాయిళ్లు రెండు పక్కపక్కన పెట్టినవి కొన్ని, ఒకదాని కింద ఒకటి పెట్టినవి కొన్ని. వాటి ధ్వని పెద్ద హంబకర్ అంత నిండుగా ఉంటుందని చెప్పను, కాని పది అడుగుల దూరంలో వినేవారికి తెలిసే తేడా మీరు భయపడేంత ఉండదు. హంబకర్లకు సాధారణంగా 500 కిలో ఓమ్‌ల పాట్లు, సింగిల్ కాయిళ్లకు 250 కిలో ఓమ్‌ల పాట్లు వాడతారు. పాత 250 పాట్లతోనే హంబకర్ వాయిస్తే ధ్వని కాస్త మబ్బుపట్టినట్టు ఉంటుంది, అప్పుడు పికప్‌ను నిందించవద్దు.

ఇదీ తృప్తినివ్వకపోతే మరో దారి ఉంది. ఈ గిటారును పూర్వస్థితిలో నిలబెట్టి, ఒక ఖాళీ బాడీ, ఒక నెక్ విడిగా కొని, మీ చిత్తం వచ్చినట్టు తొలిచి, రంగు వేసి, పూర్తిగా మీదైన గిటారును కట్టుకోండి. ఇది చిన్నచూపు చూడవలసిన మార్గం కాదు. బ్రిటిష్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ ఏళ్ల తరబడి వాయించిన "బ్లాకీ" ఇలాగే మూడు స్ట్రాటోకాస్టర్ల భాగాలు కలిపి కట్టిన గిటారు. 2004లో వేలంలో అది 9,59,500 డాలర్లు పలికింది. డబ్బు కొంత ఎక్కువవుతుంది, ఇంట్లో రెండో గిటారుకు చోటు చూడాలి. లాభమేమిటంటే దానిలో సగం ఎవరిదీ కాదు.

చెక్క తొలవడమే మీ నిర్ణయమైతే దాని ఫలితం కూడా స్పష్టంగా తెలుసుకోండి. చెక్క తొలిచే రౌటర్ యంత్రం ఒక్కసారి జారితే ట్రెమోలో గుంటకూ పికప్ గుంటకూ మధ్యనున్న సన్నటి చెక్క గోడ పోతుంది. జారకపోయినా, రేపు అమ్మాలనుకుంటే కొనేవారు మొదట చూసేది ఆ గుంటనే. ఆ నష్టంలో సగం తమ్ముడు భరించాలి, అతను ఒప్పుకోలేదు కూడా.

రంగు సంగతి. గీకినచోట మందంగా, ప్లాస్టిక్ పెచ్చులా ఊడితే అది పాలియెస్టర్ జాతి రంగు కావచ్చు. దానిని తీయడం రోజుల తరబడి సాగే పని. పలుచగా పొడిలా రాలితే నైట్రోసెల్యులోజ్ లాకర్ అనే పలుచని పూత కావచ్చు, అదే అయితే తొందర ఇంకా తగ్గించుకోవాలి, ఎందుకంటే పాత గిటార్ల విలువ ఎక్కువగా నిలిచేది అందులోనే. ఎప్పటిదో తెలియని పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. మీ ఉత్తరం చివర పిల్లల ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఇంట్లో పొడిగా గీకడం ఇకమీదట వద్దు. గీకిన మచ్చకు అడ్డంగా పలుచగా లాకర్ పూసి చెక్కకు తేమ తగలకుండా చేసి వదిలేయడం ఒక మార్గం, నాకు నచ్చేది అదే. ఆ ఒక్కచోట రంగు కలిపి నింపించడం మరొకటి. దగ్గరగా చూస్తే అతుకు తెలుస్తుంది. ఐరిష్ గిటారిస్టు రోరీ గాలగర్ వాయించిన 1961 స్ట్రాటోకాస్టర్ మీద రంగు చాలావరకు పోయి చెక్క బయటపడింది, ఆయన దానికి మళ్లీ రంగు వేయించుకోలేదు. మీ అరచేయంత మచ్చ గిటారు వెనకవైపు, వాయించేవారి పొట్టకు ఆనుకొని ఉంటుంది.

ఇప్పుడు తమ్ముడు. చాకిరీ మీదే కాబట్టి నిర్ణయం కూడా మీదే అన్న మాటలో న్యాయం సగమే ఉంది. ఏడు నెలల శ్రమకు లెక్క కట్టాలని మీరు అడగవచ్చు, అడగాలి కూడా. ఖర్చయిన సామగ్రిని పంచుకోమనవచ్చు, లేదా అతని సగం వాటాను కొనుక్కుంటానని ప్రతిపాదించవచ్చు. కాని శ్రమ చేసినవారికి శ్రమ విలువ వస్తుంది గాని, ఎదుటివారి వాటా మీద హక్కు రాదు. ఇంకో విషయం. ఆ పెద్దాయన వాయిస్తుండగా తమ్ముడు చిన్నప్పుడు ఎదురుగా కూర్చుని వినేవాడని మీరు ఉత్తరంలో ఒక మూల రాసి వదిలేశారు. "ఉన్నది ఉన్నట్టే ఉండాలి" అని అతను అంటున్నది రంగు గురించి కాకపోవచ్చు. అడిగి చూడండి. అతనికి కావలసింది ఆ ధ్వనే అయితే, దాచిన పాత పలక అతని పక్షాన ఉంది. ఆ రూపమే అయితే, రంగు ముట్టకుండా పికప్‌లు మార్చుకోవడానికి అతను సులువుగా ఒప్పుకోవచ్చు.

చెప్పడానికి అతను ఇంటికి వచ్చేదాకా ఆగితే, గడప దాటగానే అట్టపెట్టె తెరిచి తనే చూస్తాడు. అప్పుడు మీరు చెప్పేది సంజాయిషీ అవుతుంది. ఇప్పుడే ఫోన్ చేసి, మచ్చ ఫోటో ముందు పంపి, "ఇది నేను నిన్నడగకుండా చేశాను, మూడు నెలలయింది, చెప్పలేకపోయాను" అంటే అతను కోప్పడవచ్చు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. కాని వచ్చేసరికి ఆ కోపం చల్లారి ఉంటుంది, సెలవు రోజులు గిటారు మీద గడుస్తాయి. మచ్చకు కారణం వెతకవద్దు, పెన్సిల్ తేదీ కథతో మొదలుపెట్టి మాటను పక్కదారి పట్టించవద్దు. ఆ కథ రెండో వాక్యంగా బాగుంటుంది. వాటా కొనే ప్రస్తావన మాత్రం ఫోనులో తేవద్దు. తప్పు చెప్పిన నోటితోనే బేరం పెడితే, తప్పు చెప్పింది బేరం కోసమే అనుకుంటాడు.

ఫోన్ చేయడానికి మీకు ఒకటి రెండు రోజులు పట్టినా, ఒక పని మాత్రం ఈ రోజే చేయండి. తీగలు లేకుండా నెక్ ఏడు నెలలుగా పడి ఉంది. ఎదురుగా లాగే తీగలు లేకపోయినా ట్రస్ రాడ్ మాత్రం దానిని వెనక్కి వంచుతూనే ఉంది. నెక్ ఎలాగూ ఊడి ఉంది కాబట్టి రాడ్ నట్టును ఎడమవైపుకు పావు చుట్టు చొప్పున, బిగువు పోయేదాకా వదులు చేసి, నెక్‌ను గోడకు ఆనించకుండా చదునైనచోట పడుకోబెట్టండి. నాలుగు నెక్ స్క్రూలు, పిక్‌గార్డ్ స్క్రూలు, తెగిన వైరు ముక్కలు వేర్వేరు కవర్లలో వేసి, ఏది ఎక్కడిదో పైన రాసి ఉంచండి.